వానాకాలం గ్రౌండ్ లేకుండా బేస్‌బాల్ టీమ్ నడపడం ఎలా? మంచు దేశాల్లో ఉన్నవాళ్లు చెప్పండి

కావలి పీఈటీ

అందరికీ నమస్కారం. మాది కావలి. హైస్కూల్లో పీఈటీగా చేస్తున్నాను. సాయంత్రాలు, ఆదివారాలు పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల మగపిల్లలకు బేస్‌బాల్ నేర్పిస్తున్నాను. ఇప్పుడు పద్దెనిమిది మంది ఉన్నారు. సగం మంది చుట్టుపక్కల పల్లెల నుంచి సైకిళ్ల మీద వస్తారు. స్కూల్ గేమ్స్‌లో బేస్‌బాల్ ఉంది కాబట్టి సర్టిఫికెట్ వస్తుందని తల్లిదండ్రులు పంపిస్తున్నారు. పిల్లలు మాత్రం ఆట మీద ఇష్టంతోనే వస్తున్నారు.

మా కష్టం మీకు తెలిసిందే. నెల్లూరు జిల్లాకి వాన ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాలతోనే. అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు దాకా ఒక అల్పపీడనం పోతే ఇంకోటి. గ్రౌండ్‌లో నీళ్లు ఇంకేలోపే మళ్లీ వాన. సంక్రాంతి సెలవుల్లో గుంటూరో చెన్నైయో తీసుకెళ్లి రెండు రోజులు మ్యాచ్‌లు ఆడిద్దామంటే, అప్పటికి పిల్లలు బంతి ముట్టుకోక రెండున్నర నెలలు అయి ఉంటుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆడుకుంటాం. ఆ తర్వాత ఒంటిపూట బడులు, ఎండలు.

అమెరికాలో చలి రాష్ట్రాల్లో నాలుగైదు నెలలు మంచు కింద ఉంటారు కదా. అక్కడ పిల్లల టీములు ఊరూరా తిరిగి టోర్నమెంట్లు ఎలా ఆడుతున్నాయి? ఆ నెలల్లో ఏం చేయిస్తారు? డబ్బులున్న పద్ధతులు కాకుండా మేం చేయగలిగేవి చెప్పండి.

ఇంకో మాట. మా దగ్గర బాగా విసిరే పిల్లవాడు ఒక్కడే. వాడు ఈమధ్య మోచేయి లోపలివైపు నొప్పి అంటున్నాడు. వాళ్ల నాన్న క్రికెట్‌కి మార్చేస్తానంటున్నాడు. ఏం చెప్పాలో తెలియడం లేదు.

ఒంగోలు నుంచి మినియాపొలిస్

మాస్టారూ, మాది ఒంగోలు, గాంధీ రోడ్డు దగ్గర. ఇప్పుడు అమెరికాలో, మంచు పడే మినియాపొలిస్ పక్కన ఉంటున్నాను. మా అబ్బాయి వల్ల ఈ ఆటలోకి వచ్చి, పదమూడేళ్ల లోపు పిల్లల ట్రావెల్ టీమ్ (ఊరూరా తిరిగి టోర్నమెంట్లు ఆడే జట్టు) ఒకటి ఇంకో ఇద్దరితో కలిసి చూసుకుంటున్నాను. మీరు అడిగినవన్నీ మేం రోజూ మాట్లాడుకునేవే. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ పిల్లవాడి సంగతి. మోచేయి లోపలివైపు నొప్పి అన్నాడంటే ఇవాళే బంతి పక్కన పెట్టించండి. ఆ వయసులో మోచేతి ఎముక చివర, అది పెరిగే చోట, ఇంకా గట్టిపడని భాగం ఉంటుంది. బలంగా విసిరిన ప్రతిసారీ కండరాలు ఆ భాగాన్నే లాగుతాయి. పెద్దవాళ్లకు లిగమెంట్ తెగితే, పిల్లలకు ముందు దెబ్బతినేది ఈ ఎదిగే చోటు. స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి ఆడించకండి. ఎముకల డాక్టరుకు చూపించి, ఆయన సరే అన్నాకే మళ్లీ మొదలుపెట్టాలి. వాళ్ల నాన్నకు ఒకటి చెప్పండి: క్రికెట్‌కి మార్చినా బౌండరీ నుంచి త్రో వేసేది ఆ చేయే. ముందు విశ్రాంతి, ఆట ఏదన్నది తర్వాత.

ఇక మా మంచు సంగతి. నవంబరు నుంచి మార్చి దాకా గ్రౌండ్ అనేది ఉండదు. జనవరి రాత్రుల్లో మైనస్ ఇరవై కూడా చూస్తాం. ఏప్రిల్లో మంచు కరిగాక బురద. నిజంగా ఆడుకునేది మే, జూన్, జులై. ఇంత చిన్న సీజన్ చూసి ఎవరికైనా ఏమనిపిస్తుంది? దొరికిన ప్రతి శని, ఆదివారాల్లో టోర్నమెంట్ వేసేయాలి, వానకు పోయిన మ్యాచ్‌లన్నీ ఒకేరోజు రెండేసి చొప్పున ఆడేయాలి అనిపిస్తుంది. పిల్లల చేతులు పాడయ్యేది అక్కడే. చలి గురించి అందరూ అడుగుతారు, ఈ తొందర గురించి ఎవరూ అడగరు.

2014లో మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పిచ్ స్మార్ట్ అనే మార్గదర్శకాలు పెట్టాయి. పన్నెండేళ్ల దాకా ఉన్న పిల్లలు ఏడాదిలో కనీసం 4 నెలలు బంతి విసరకూడదు, అందులో 2 లేదా 3 నెలలు వరసగా ఉండాలి అని అందులో ఉంది. అలబామాలో డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్, గ్లెన్ ఫ్లైసిగ్ వాళ్ల బృందం 2006లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఏడాదిలో 8 నెలలకు మించి పిచ్చింగ్ (అంటే బ్యాటర్‌కి బంతి విసరడం) చేసిన కుర్రాళ్లకు సర్జరీ అవసరమయ్యే అవకాశం 5 రెట్లు ఎక్కువ. అలసిపోయిన చేత్తోనే తరచూ పిచ్ చేసినవాళ్లకు 36 రెట్లు. ఈ అంకెలు చదివాక నాకు మంచు మీద కోపం పోయింది. ఎండలు కాసే ఫ్లోరిడా, టెక్సస్‌లలో ఏడాదంతా ఆట ఉంటుంది కాబట్టి అక్కడ పిల్లలకు విశ్రాంతి ఇమ్మని తల్లిదండ్రులను బతిమాలుకోవాలి. మాకు మంచు, మీకు వాన ఆ పని చేసిపెడుతున్నాయి.

మా ఏడాది ఎలా నడుస్తుందంటే, ఆగస్టులో ట్రైఅవుట్స్, అంటే పిల్లల ఎంపిక, సెప్టెంబరులో నాలుగు సరదా మ్యాచ్‌లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎవరూ బంతి విసరరు. హాకీ ఆడేవాడు హాకీకి, బాస్కెట్‌బాల్ ఆడేవాడు దానికి వెళ్లిపోతాడు. మేం అడ్డం చెప్పం. జనవరిలో ఇండోర్ మొదలవుతుంది. ఫ్యాన్లతో గాలి నింపి నిలబెట్టే పెద్ద గుడ్డ డోములు ఉంటాయి, గంటల లెక్కన అద్దె. తల్లిదండ్రులు కట్టే ఫీజులో సగానికి పైగా ఈ శీతాకాలం అద్దెకే పోతుంది. కొత్తవాళ్లు వచ్చి ఆ డబ్బుతో ఇంకో రెండు టోర్నమెంట్లు ఆడొచ్చుగా అంటారు. నేను ఒప్పుకోను. టీమ్ తయారయ్యేది హాల్లోనే.

హాల్లో గంటే ఉంటుంది కాబట్టి పిల్లల్ని మూడు గుంపులు చేస్తాం. ఒక గుంపు వల కట్టిన కేజ్‌లో బ్యాటింగ్. రెండోది నేల మీద దొర్లే బంతులు అందుకోవడం, గ్లోవ్ లేకుండా, మెత్తటి బంతితో. మూడోది పిచ్చర్లు, వాళ్లు విసిరే బంతిని బ్యాటర్ వెనక కూర్చుని పట్టే క్యాచర్లు. ఇరవై నిమిషాలకోసారి మారతారు. ఎవరూ వరసలో నిలబడి తమ వంతు కోసం చూడకూడదు, అదొక్కటే నా పట్టుదల. గచ్చు మీద స్పైక్ బూట్లు వద్దు. తోలు బంతి కేజ్ లోపలే.

బ్యాటింగ్‌కి కేజ్ కూడా లేకపోతే జో మావర్ వాళ్ల నాన్న చేసిన పని చేయండి. మావర్ ఇక్కడి సెయింట్ పాల్ కుర్రాడు. పెద్ద క్లబ్బులు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2001 డ్రాఫ్ట్‌లో మొదటి పిలుపు అతనిదే, క్యాచర్‌గా మూడుసార్లు బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు, 2024లో గొప్ప ఆటగాళ్లకు ఇచ్చే గౌరవం, హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. చిన్నప్పుడు ఇంట్లోనే కొట్టుకోవడానికి వాళ్ల నాన్న ప్లాస్టిక్ గొట్టంతో ఒక సాధనం తయారుచేశారు. బంతి పై నుంచి వేస్తే కింద కొన నుంచి జారి పిల్లవాడి ముందు పడుతుంది. పడేలోపే కొట్టాలి. కావలిలో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా నాలుగంగుళాల పీవీసీ గొట్టం, ఒక వంపు దొరుకుతాయి. గొట్టాన్ని ఏటవాలుగా స్టాండుకి కట్టండి, వంపు కొన పిల్లవాడి నడుము కంటే కొంచెం ఎత్తులో ఉండాలి, ఎదురుగా ఒక వల వేలాడాలి. టెన్నిస్ బంతులు చాలు. వేసేవాడు గొట్టానికి వెనక పక్కన, బ్యాట్ తగలనంత దూరంలో నిలబడాలి. బంతి కనిపించే సమయం చాలా తక్కువ కాబట్టి చేతులు పొట్టిగా, వేగంగా తిప్పడం అలవాటవుతుంది.

ఆ సెయింట్ పాల్‌లోనే పుట్టినవాళ్లు ఇంకో ముగ్గురు, డేవ్ విన్‌ఫీల్డ్, పాల్ మోలిటర్, జాక్ మోరిస్ కూడా హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. మావర్ స్కూల్లో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ కూడా ఆడాడు. జపాన్‌లో మంచు ఎక్కువుండే హొక్కైదో నుంచి కొమజావా తొమకొమయ్ స్కూలు 2004లో, మళ్లీ 2005లో కోషియెన్ (అక్కడి హైస్కూళ్ల జాతీయ బేస్‌బాల్ టోర్నమెంట్) గెలిచింది. అంతకుముందు ఆ దీవి నుంచి ఎవరూ ఆ వేసవి టైటిల్ గెలవలేదు. వాళ్లు మంచు మీదే ప్రాక్టీస్ చేసేవాళ్లు. ఇది మీ పిల్లలకు చెప్పండి, వానాకాలం ఊళ్లో పుట్టాం అని బాధపడక్కర్లేదు.

ఇప్పుడు లెక్క. రెండు రోజుల టోర్నమెంట్‌లో ఐదు మ్యాచ్‌లు, ఒక్కోటి ఆరు ఇన్నింగ్స్ అనుకుందాం. ముప్పై ఇన్నింగ్స్. ఇన్నింగ్స్‌కి పదిహేను బంతులు వేసుకున్నా నాలుగు వందల యాభై బంతులు విసరాలి. పిచ్ స్మార్ట్ ప్రకారం 11, 12 ఏళ్లవాళ్లు రోజుకి 85, 13, 14 ఏళ్లవాళ్లు 95 మించకూడదు. అది గరిష్ఠం. పద్నాలుగు దాకా ఉన్నవాళ్లకు 20 దాటితే ఒక రోజు, 35 దాటితే రెండు, 50 దాటితే మూడు, 65 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. అంటే శనివారం అరవై వేసినవాడు ఆదివారం లేనట్టే. మనిషికి యాభై, అరవై చొప్పున పంచితే ఎనిమిది మంది పిచ్చర్లు కావాలి. ఒక్కడిని నమ్ముకుని ఊరు దాటకండి. పద్దెనిమిది మందిలో కనీసం పది మందికి పిచ్చింగ్ నేర్పండి. వేగం అక్కర్లేదు, స్ట్రైక్ పడితే, అంటే బంతి బ్యాటర్ కొట్టగలిగే చోటికి వస్తే చాలు. గాల్లో వంపు తిరిగే కర్వ్ బంతులు ఈ వయసులో వద్దు. పిచ్ చేసినవాణ్ని అదే రోజు క్యాచర్‌గా కూర్చోబెట్టకండి, క్యాచర్ కూడా ప్రతి బంతినీ తిరిగి విసురుతాడు కదా.

మీరు డబ్బులున్న పద్ధతులు వద్దన్నారు. ఇందులో ఖర్చయ్యేది హాలు ఒక్కటే. మన వైపు కప్పున్న ఖాళీ జాగా ఏముందో అక్కడున్నవాళ్లు చెప్పాలి.

మాగుంట లేఅవుట్ అమ్మ

నేను నెల్లూరు నుంచి రాస్తున్నాను. మా పెద్దబ్బాయి బేస్‌బాల్ ఆడతాడు. చిన్నమ్మాయి సాఫ్ట్‌బాల్‌కి వెళ్తానంటోంది, అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల దగ్గర ఆడపిల్లలు ఆడుతుంటే చూసొచ్చింది.

మాస్టారు గారూ, తల్లిగా ఒకటి చెబుతాను. ప్రయాణాల తేదీలన్నీ జూన్‌లోనే ఒక కాగితం మీద రాసి ఇచ్చేయండి. వారం ముందు చెబితే మేం పంపలేం. ట్యూషన్లు, పరీక్షలు, ఇంట్లో పెళ్లిళ్లు ఉంటాయి. పినాకిని రైల్లో వెళ్లేలా ఉంటే మాకు భయం ఉండదు. నెల్లూరులో, కావలిలో, ఒంగోలులో మూడు చోట్లా ఆగుతుంది, చెన్నైకైనా విజయవాడకైనా అదే. వ్యాన్ మాట్లాడి రాత్రిళ్లు హైవే మీద పిల్లల్ని తిప్పకండి, దయచేసి.

డబ్బు విషయం కూడా మొదటిరోజే చెప్పండి. గ్లోవ్‌లు, హెల్మెట్లు టీమ్‌వి కొని అందరూ వాడుకుంటే లేనివాళ్ల పిల్లలు కూడా వస్తారు. మావాడి పాత గ్లోవ్ ఎడమ చేతికి వేసుకునేది. కావలి పంపిస్తాను.

టంగుటూరు రైతుబిడ్డ

మాస్టారూ, మాకు పొగాకు గోడౌన్ ఉంది, హైవేకి దగ్గరే. వేలం మార్చిలో మొదలై ఆగస్టు, సెప్టెంబరు దాకా నడుస్తుంది. బేళ్లన్నీ వెళ్లిపోయాక మళ్లీ కొత్త ఆకు వచ్చేదాకా ఖాళీనే. మీరు ఏ నెలలకు జాగా కావాలంటున్నారో ఆ నెలల్లోనే ఖాళీ. మాది వంద అడుగుల పొడవు, నలభై వెడల్పు, సిమెంటు గచ్చు, రేకుల కప్పు. ఇలాంటివి టంగుటూరు, ఒంగోలు, కందుకూరు వైపు చాలా ఉన్నాయి. కావలి దగ్గర్లో పొగాకువి దొరక్కపోతే రైస్ మిల్లు గోడౌన్లు అడగండి. పిల్లల ఆటకంటే చాలామంది కరెంటు బిల్లు కడితే చాలంటారు.

అయితే పొగాకు గోడౌన్ అయితే ఊరికే తాళం తీసి ఆడించకూడదు. మూలల్లో ఆకు తునకలు, నుసి ఉంటాయి. పచ్చాకు తడిసి ఒంటికి తగిలితే తల తిరిగి వాంతులవుతాయని మా కూలీలందరికీ తెలుసు. ఎండాకు నుసి అయినా పిల్లలు పీల్చకూడదు. ఊడ్చేటప్పుడు పిల్లల్ని రానివ్వకండి. ఊడ్చి, నీళ్లతో కడిగి, రెండు రోజులు తలుపులు బార్లా తెరిచి ఆరబెట్టాలి. రేకుల కింద ఎక్కడైనా కారుతోందేమో వాన రోజున వెళ్లి చూడండి, తడి గచ్చు మీద జారితే చేయి విరుగుతుంది. గచ్చు మీద క్రికెట్ వాళ్ల పీచు మ్యాటింగ్ పరిచేస్తే ఇంకా మంచిది.

వల సంగతి నాకు తెలుసు, మా బావమరిది వాళ్లది కొత్తపట్నం. పాత వలలు అక్కడ దొరుకుతాయి. సన్నటి తీగలాంటి వల వద్దు, బంతి నాలుగుసార్లు తగిలితే తెగుతుంది. లావు నైలాన్ దారంతో అల్లింది అడగండి. బేస్‌బాల్ అడ్డం ఏడు సెంటీమీటర్ల పైచిలుకు అంటున్నారు కదా, వల కన్ను నాలుగు, నాలుగున్నర సెంటీమీటర్లు ఉంటే బంతి దూరదు. పైన తాడు గుచ్చి దూలాలకు కట్టండి. కింద మాత్రం బిగించొద్దు, గోడకు మూడు అడుగుల ఎడం ఉంచి ఒక జానెడు నేల మీద జీరాడేలా వదిలేయండి. బిగించి కడితే బంతి అంతే జోరుగా వెనక్కి వచ్చి పిల్లవాడికి తగులుతుంది. వదులుగా ఉంటే తగిలిన చోటే కిందికి జారిపోతుంది. ట్యూబ్‌లైట్ల కింద కూడా ఒక ముక్క కట్టండి.

కావలి పీఈటీ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రేపే ఆ పిల్లవాణ్ని, వాళ్ల నాన్నని తీసుకుని నెల్లూరు వెళ్తున్నాను. తేదీల కాగితం సంగతి కూడా గుర్తుపెట్టుకుంటాను అమ్మా.

మినియాపొలిస్ అన్నా, ఒక సందేహం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంతి విసరొద్దంటే సంక్రాంతి ప్రయాణం మానుకోవాలా? పిల్లలందరికీ ఒకేసారి సెలవులు దొరికేది అప్పుడే. వాళ్లు ఏడాదంతా దానికోసమే చూస్తారు.

ఒంగోలు నుంచి మినియాపొలిస్

మానుకోవద్దు మాస్టారూ. విసరడం ఆపే తేదీలు మాత్రం కొంచెం మార్చుకోండి. దసరా సెలవులకు బంతి దించేయండి. అక్కడి నుంచి నవంబరు ఆఖరు దాకా విసరడం లేదు. బ్యాటింగ్, పరుగు, దొర్లే బంతులు, నియమాలు. అందుకున్న బంతిని బుట్టలో వేయాలి, తిరిగి విసరకూడదు. ఎండాకాలంలో రోహిణి కార్తె ముందు నుంచి బడులు తెరిచేదాకా మళ్లీ ఆపండి. ఎలాగూ ఆ ఎండకి ఎవరూ నిలబడలేరు. మిగిలింది పరీక్షల నెలలో కలిపితే నాలుగు నెలలు అయిపోతాయి.

డిసెంబరు 1న మొదలుపెడితే సంక్రాంతికి ఆరు వారాలు దొరుకుతాయి. వారంలో మూడు రోజులే, మధ్యలో ఒక్కో రోజు విడుపు. మొదటి వారం నలభై అడుగుల దూరం నుంచి, మెల్లగా, పాతిక బంతులు. రెండు, మూడు వారాల్లో అరవై అడుగులు. నాలుగో వారం తొంభై, టంగుటూరు తమ్ముడి గోడౌన్ నిలువునా వాడుకోండి. ఐదో వారం పిచ్చర్లు సగం బలంతో పదిహేను, ఇరవై. ఆరో వారం ముప్పై. ఇండోర్‌లో జరిగే పొరపాటు ఏంటంటే, హాలు పొట్టిగా ఉందని కుర్రాళ్లు మొదటిరోజు నుంచే దగ్గర్నుంచి పూర్తి బలంతో కొడతారు, పైగా గోడలకు ఆ చప్పుడు బలే వినిపిస్తుంది. పక్కనే నిలబడి ఆపండి.

సంక్రాంతి టోర్నమెంట్‌లో ఒక్కొక్కరికి 35 బంతులు హద్దు పెట్టుకోండి. నిజానికి ఐదు మ్యాచ్‌లకు అది చాలదు, పది మంది వేసినా మూడు వందల యాభై. అందుకే మూడు మ్యాచ్‌లే ఒప్పుకోండి, రోజుకి రెండు మించకుండా. నిర్వాహకులకు ముందే చెబితే సర్దుతారు. బంతుల లెక్క రాయడానికి ఆడని పిల్లవాడొకణ్ని కూర్చోబెట్టండి, మా టీమ్‌లో ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉంటే వాడి మాటే కోచ్ మాట.

డిసెంబరులో స్టేట్ మీట్ పడితే దానికి ఎంపికైన ఇద్దరు ముగ్గురికి మాత్రం వేరే లెక్క. వాళ్లు నవంబరులోనే మొదలుపెట్టి, బదులుగా ఏప్రిల్ నుంచే ఆపేయాలి. నొప్పి ఉన్న అబ్బాయి ఆ జాబితాలో ఉండకూడదు, ఈ ఏడాదికి. డాక్టర్ గారు ఏమన్నారో రాయండి. వాడు బ్యాట్ పట్టుకోవచ్చా, కాళ్ల వ్యాయామాలు ఏం చేయొచ్చు అని ఆయన్నే అడగండి, కాగితం మీద రాయించుకోండి.

టంగుటూరు రైతుబిడ్డ

వల కొనేముందు ఒక పాత బంతి పట్టుకుని రండి మాస్టారూ. కొత్తపట్నంలో కన్నులోంచి దూర్చి చూసుకుని తీసుకుందాం. సెప్టెంబరు ఆఖరు ఆదివారం అయితే నేను ఊళ్లోనే ఉంటాను. గోడౌన్ కూడా అదే రోజు కొలుచుకోవచ్చు.

కావలి పీఈటీ

వస్తాను తమ్ముడూ. ఇద్దరు పెద్ద పిల్లల్ని కూడా తీసుకొస్తాను, వల కట్టడం వాళ్లు నేర్చుకోవాలి. పీవీసీ గొట్టం ఇవాళ సాయంత్రం కొన్నాను.

నెల్లూరు వెళ్లొచ్చాం. ఎక్స్‌రే తీశారు. ఎముక విడిపోలేదు, కానీ ఎదిగే చోట వాపు ఉందన్నారు. ఆరు వారాలు విసరడం పూర్తిగా బంద్, ఆ తర్వాత మళ్లీ చూపించాలి. పరుగు, కాళ్ల వ్యాయామాలు చేయొచ్చని రాసిచ్చారు, బ్యాటింగ్ మూడు వారాల తర్వాత నొప్పి లేకపోతే. వాళ్ల నాన్న శాంతించాడు. బంతుల లెక్క పుస్తకం ఈ ఏడాది వాడికే ఇస్తున్నాను.